కారేది ఒక చోట, కనిపించేది ఇంకో చోట: పాత మియాటాపై పాఠకుల ప్రశ్నలు

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటికి ఒకే బండి కేంద్రం: మాజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో దాని పేరు మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన, గుడ్డ టాప్ వెనక్కి మడిచే ఈ రెండు సీట్ల కారు మన దేశంలో షోరూముకు ఎప్పుడూ రాలేదు. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళు మాత్రం శనివారం మధ్యాహ్నాలకు ఒక పాతది కొనుక్కుని, ఆదివారమంతా దాని కింద పడుకుంటున్నారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. జవాబుల్లో మొదటి తరం అంటే హెడ్‌లైట్లు పైకి లేచే 1989–97 బండ్లు, రెండో తరం అంటే 1998–2005 బండ్లు.

ప్రశ్న: వాన పడ్డ మర్నాడు సీట్ల వెనక కార్పెట్ తడిసి ముద్దవుతోంది. 2002 బండి. టాప్ ఎక్కడా చిరగలేదు. అయినా టాప్ మార్చాల్సిందే అంటున్నారు. తప్పదా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: టాప్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఈ బండిలో టాప్ మీద పడ్డ నీళ్ళు వెనక అంచు కింద ఉన్న ఒక తొట్టెలాంటి పట్టీలోకి జారి, రెండు పక్కలకీ వెళ్ళి, సీటు బెల్టు స్తంభాల వెనకున్న రంధ్రాల గుండా కిందికి దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు నేలమీద పడాలి. ఆ రెండు రంధ్రాల్లో ఆకులు, పైన్ చెట్ల సూదులు, దుమ్ము కలిసి నల్లటి బురదలా పేరుకుంటాయి. దారి మూసుకుపోయిన నీళ్ళు తొట్టె అంచు దాటి లోపలికి పొర్లుతాయి. టాప్ కొత్తదైనా అంతే, పాతదైనా అంతే.

పరీక్ష ఐదు నిమిషాల పని. టాప్‌ను సగం వెనక్కి మడిచి, సీటు బెల్టు స్తంభం వెనక టార్చి వేసి చూడండి. రంధ్రం కనిపించాక ఒక కప్పు నీళ్ళు మెల్లగా పోయండి. వెంటనే కారు కింద ధార పడితే ఆ పక్క బాగున్నట్టు. నీళ్ళు నిలిచినా, చుక్కచుక్కగా దిగినా పూడిక ఉన్నట్టు. రెండో పక్క కూడా అలాగే చూడండి. ఒక పక్క తెరుచుకుంది కదా అని ఆపేయడం చాలామంది చేసే పొరపాటు.

పూడిక తీయడానికి గడ్డి కోసే యంత్రంలో వేసే మందపాటి నైలాన్ తీగ ఒక మీటరు చాలు. కొసను అగ్గిపుల్లతో కాస్త కరిగించి గుండ్రంగా చేసి, తిప్పుతూ దింపండి. మధ్యమధ్యలో గోరువెచ్చని నీళ్ళు పోస్తూ ఉండండి. బట్టల హ్యాంగర్ తీగ మాత్రం వద్దు, లోపలి గొట్టానికి చిల్లు పడుతుంది. కంప్రెసర్ గాలి కూడా వద్దు. గొట్టం బాడీ లోపలే ఊడిపోతే, ఆ తర్వాత దిగే ప్రతి చుక్కా నేరుగా తలుపు కింది పెట్టె ఇనుములోకే వెళుతుంది. పైకి అంతా బాగైనట్టు ఉంటుంది, లోపల తుప్పు తినేస్తూ ఉంటుంది.

రెండు పక్కలా ధార బాగా పడుతున్నా కార్పెట్ తడుస్తుంటే అప్పుడు తొట్టె పట్టీ చిరిగిందేమో చూడండి. తడి ఎక్కడుందన్నదాన్ని బట్టి మూలం మారుతుంది. తలుపు పక్కన గడప దగ్గర తడి ఉంటే తలుపు లోపలి ప్లాస్టిక్ పొర ఊడి ఉంటుంది. డిక్కీలో నీళ్ళుంటే వెనక లైట్ల గాస్కెట్లను అనుమానించాలి. ముందు కాళ్ళ దగ్గర జిగటగా, తియ్యటి వాసనతో తడి ఉంటే అది వాన నీరు కాదు, హీటరు నుంచి కారుతున్న కూలెంట్.

చివరగా, కార్పెట్‌ను పైపైన ఆరబెట్టి వదిలేయకండి. దాని కింది మెత్త స్పాంజిలా నీళ్ళు పట్టి నెలల తరబడి అలాగే ఉంచుతుంది. సీటుకు నాలుగే బోల్టులు, 14 ఎంఎం పానా. వైరు కనెక్టర్ తీసి సీటు బయట పెట్టి, కార్పెట్ లేపి, కింద రెండు రోజులు ఫ్యాను పెట్టండి. ఎటూ లేపారు కాబట్టి కింది రేకును గోటితో గీకి చూడండి. పెచ్చు లేస్తే తుప్పు మొదలైనట్టే.

ప్రశ్న: నాది 1992 మోడల్, 1.6 ఇంజను. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట ఆయిల్ కారుతోంది. వెనక క్రాంక్ సీలు (క్రాంక్‌షాఫ్టు చివర ఆయిల్‌ను ఆపే రబ్బరు వలయం) పోయింది, గేర్‌బాక్సు దించాలి అంటున్నారు. మా బావగారు "అంత ఖర్చెందుకు, అమ్మేసెయ్" అంటున్నారు. (ఇర్వింగ్, టెక్సస్)

జవాబు: బావగారి మాటకు రెండు వారాలు వాయిదా ఇవ్వండి. ఈ ఇంజనులో ఆ చోట కనిపించే ఆయిల్ క్రాంక్ సీలుదే కానక్కర్లేదు, పైనుంచి దిగి వచ్చినది కావడమే ఎక్కువ. సిలిండర్ హెడ్ వెనక, డ్యాష్‌బోర్డు గోడకు ఆనుకుని, క్యామ్ యాంగిల్ సెన్సార్ ఉంటుంది. అక్కడ ఆయిల్‌ను ఆపేది ఒక చిన్న రబ్బరు ఓ-రింగ్. ముప్పై ఏళ్ళ వేడికి అది గాజుల ముక్కలా గట్టిపడి, చదునైపోతుంది. అక్కడ కారిన ఆయిల్ హెడ్ వెనక గోడ మీదుగా దిగి, సరిగ్గా గేర్‌బాక్సు మూత అంచు దగ్గర వేలాడుతుంది. కింద పడుకుని చూసేవాళ్ళకు అది క్రాంక్ సీలే.

ముందు ఆ ప్రాంతమంతా డీగ్రీజర్ కొట్టి కడిగి, రెండు రోజులు బండి తిప్పండి. తర్వాత చిన్న అద్దం, టార్చి పట్టుకుని పైనుంచి చూడండి. సెన్సార్ కింద తాజా తడి ఉంటే దొంగ దొరికినట్టే. వాల్వ్ కవర్ వెనక మూలలు కూడా చూడండి, అక్కడి గాస్కెట్ కారినా దారి అదే.

ఓ-రింగ్ మార్చడం చేతికి చోటు లేని పనే కానీ కష్టమైన పని కాదు. ఇంజను పూర్తిగా చల్లారాలి. సెన్సార్‌ను పట్టి ఉంచేది ఒకే ఒక్క 12 ఎంఎం బోల్టు. దాన్ని వదులు చేసే ముందే సెన్సార్ మీదా హెడ్ మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ఈ సెన్సార్ అటూ ఇటూ తిరిగిన కొద్దీ ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది, అందుకే ఆ గీత. బోల్టు తీశాక అటూ ఇటూ కదుపుతూ లాగితే వచ్చేస్తుంది, నాలుగు చుక్కలు ఆయిల్ కూడా వస్తుంది. పాత రింగును చిన్న కొక్కెంతో లేపి తీయండి. అది వంగకుండా పుటుక్కున విరిగితే మీ అనుమానం నిజమే. గాడి తుడిచి, కొత్త రింగుకు ఇంజను ఆయిల్ రాసి ఎక్కించండి. సెన్సార్ నాలుక మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది, కాబట్టి ఒక్క తీరుగానే కూర్చుంటుంది. కూర్చోకపోతే సగం చుట్టు తిప్పి చూడండి, బలం చేయకండి. గీతలు కలిపి, 19–25 న్యూటన్ మీటర్ల బిగువుకు బిగించండి.

టైమింగ్ లైటు ఎవరిదగ్గరైనా అరువు దొరికితే సరిచూసుకోవడం మంచిది. బోనెట్ కింద డయాగ్నసిస్ అని రాసిన చిన్న పెట్టెలో TEN, GND (గ్రౌండ్) అన్న రెండు కాంటాక్టులను తీగతో కలిపి, వేడెక్కిన ఇంజను ఐడిల్‌లో 10 డిగ్రీలు ముందు ఉందో లేదో చూస్తారు. చూశాక ఆ తీగ తీయడం మరవకండి.

అక్కడే కింద హీటరు హోస్ పైపులున్నాయి. ఏళ్ళ తరబడి ఆయిల్‌లో నానిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. నొక్కితే పిండిలా దిగిపోతుంటే అవి కూడా మార్చేయండి. వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా వేసేట్టయితే, క్యామ్‌షాఫ్టుల చివరలున్న వంపు చోట్ల మాత్రమే బఠాణీ గింజంత సీలెంట్ పెట్టాలి, చుట్టూ కాదు. ఆ కవర్ బోల్టుల బిగువు 5–9 న్యూటన్ మీటర్లే. చేతి బలం చూపిస్తే హెడ్‌లోనే విరిగిపోతాయి, ఆ ముక్క తీయించే ఖర్చు గాస్కెట్‌కి పదింతలు.

ఇన్నీ చేశాక కూడా గేర్‌బాక్సు మూత లోపలి నుంచే ఆయిల్ వస్తుంటే అప్పుడది క్రాంక్ సీలే. దాన్ని మాత్రం క్లచ్ మార్చే రోజు దాకా ఆపండి, రెండింటికీ దించాల్సింది ఒకటే.

ప్రశ్న: పొద్దున క్లచ్ పెడల్ నేలకు అంటుకుంటోంది. నాలుగైదు సార్లు కొడితే వస్తుంది. క్లచ్ ప్లేటు పోయిందా? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: ప్లేటు పోతే క్లచ్ జారుతుంది, అంటే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. పెడల్ పడిపోవడం ఫ్లూయిడ్ గొడవ. ఈ బండిలో ఎక్కువగా పోయేది గేర్‌బాక్సు పక్కనుండి, ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్. అమెరికా బండ్లలో అది ప్యాసింజరు పక్కకు ఉంటుంది. దాని రబ్బరు టోపీ అంచును వేలితో కొంచెం వెనక్కి మడవండి. లోపల తడిగా ఉంటే సీలు పోయినట్టే. పొడిగా ఉంటే క్లచ్ పెడల్ పైన, పాదాల దగ్గరి గోడ చూడండి. అక్కడ పెయింటు ఉబ్బి జిగటగా ఉంటే పోయింది పెడల్ దగ్గర ఆ ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్.

ఏది పోయినా రెండూ ఒకేసారి మార్చమనే మా సలహా. కొత్త సీలు వేయగానే ఒత్తిడి మళ్ళీ నిండుగా వస్తుంది, ముసలి రెండోది దాన్ని ఓర్చుకోలేదు. స్లేవ్‌కు రెండు 12 ఎంఎం బోల్టులు, 16–22 న్యూటన్ మీటర్లు. ఫ్లూయిడ్ గొట్టం నట్టును మాత్రం మామూలు పానాతో పట్టకండి. మెత్తటి నట్టు, మూలలు అరిగి గుండ్రమైపోతుంది. గొట్టాల కోసమే చేసిన ఫ్లేర్ పానా కొనండి. స్లేవ్ బయట ఉండగా ఎవరినీ పెడల్ తొక్కనివ్వకండి, పిస్టన్ ఎగిరి బయట పడుతుంది.

బిగించాక గాలి తీయడానికి డాట్ 3 ఫ్లూయిడ్ 300 మి.లీ. చాలు. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఒకరు స్క్రూ వదిలి మళ్ళీ బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. ఈ వరుస ఒక్కసారి తప్పినా గాలి మళ్ళీ లోపలికి వెళుతుంది. పైన డబ్బా ఖాళీ కాకుండా చూసే బాధ్యత ఇంట్లో పిల్లలకు ఇవ్వొచ్చు. ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

ప్రశ్న: హ్యాండ్ బ్రేక్ బలహీనంగా ఉందని ఎంఓటీలో (ఇక్కడ ఏటా జరిగే తప్పనిసరి బండి పరీక్షలో) ఫెయిల్ చేశారు. కేబుల్ బాగా బిగించాను, అయినా లాభం లేదు. పైగా ఇప్పుడు వెనక చక్రాలు వేడెక్కుతున్నాయి. (లెస్టర్, ఇంగ్లండ్)

జవాబు: బిగించడమే తప్పయింది. ఎంఓటీకి హ్యాండ్ బ్రేక్ నుంచి కావలసింది 16 శాతం సామర్థ్యం. మామూలుగా ఉన్న మియాటా అది సులువుగా దాటుతుంది. బలం తగ్గడానికి కారణం కేబుల్ వదులు కావడం కాదు, వెనక క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బ్రేకు భాగం) లోపల ప్యాడ్లకూ డిస్కుకూ మధ్య సందు పెరగడం. ఆ సందు పెరిగినప్పుడు కేబుల్ బిగిస్తే, క్యాలిపర్ మీది చిన్న చెయ్యి తన మొదటి చోటికి తిరిగి రాలేదు. ఎప్పుడూ సగం లాగినట్టే ఉండిపోతుంది. చక్రాలు వేడెక్కుతున్నది అందుకే.

కాబట్టి మొదట కేబుల్‌ను పూర్తిగా వదులు చేయండి. చదునైన నేల మీద ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి లేపి, రెండు పక్కలా స్టాండ్ల మీద నిలపండి. హ్యాండ్ బ్రేక్ వదిలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. చక్రం తీసి క్యాలిపర్ వెనక వైపు చూస్తే ఒక 14 ఎంఎం బోల్టు కనిపిస్తుంది. దానికి మూత పని తప్ప ఇంకేమీ లేదు. అది తీస్తే లోపల 4 ఎంఎం అలెన్ కీ పట్టే గుంట ఉంటుంది. అలెన్ కీని గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పుతూ, రెండో చేత్తో డిస్కును తిప్పుతూ ఉండండి. డిస్కు కదలకుండా పట్టుకున్న క్షణంలో ఆపి, అలెన్ కీని మూడోవంతు చుట్టు వెనక్కి తిప్పండి. ఇప్పుడు డిస్కు సన్నగా గీసుకుంటున్న శబ్దంతో తిరగాలి, పట్టేయకూడదు. రెండో పక్క కూడా చేసి, మూత బోల్టులు పెట్టండి. ఆ తర్వాతే లోపల లివరు దగ్గర కేబుల్ సరిచేయండి. 5 నుంచి 7 టిక్కుల్లో నిలవాలి.

అలెన్ కీ తిరగకపోతే, లేదా తిప్పినా ప్యాడ్లు కదలకపోతే, క్యాలిపర్ జారే పిన్నులు పట్టేసి ఉంటాయి. ఇంగ్లండ్ రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఇది మామూలే. పిన్నులు బయటికి లాగి, తీగ బ్రష్‌తో తుప్పు తీసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

ఇదే అలెన్ గుంట ప్యాడ్లు మార్చేటప్పుడూ పనికొస్తుంది. వెనక పిస్టన్‌ను సీ-క్లాంపు పెట్టి లోపలికి నొక్కకూడదు, లోపలి మర చెడిపోతుంది. అలెన్ కీని ఎడమకు తిప్పితే పిస్టన్ దానంతటదే వెనక్కి పోతుంది. చక్రం నట్లు 90–118 న్యూటన్ మీటర్ల మధ్య, ఎదురెదురుగా బిగించండి.

ప్రశ్న: రేడియేటర్ పై భాగం గోధుమరంగులోకి మారింది. కారడం లేదు. మార్చాలా? (చాండ్లర్, అరిజోనా)

జవాబు: మార్చండి, ఈ వేసవి రాకముందే. ఆ పై ట్యాంకు ప్లాస్టిక్. కొత్తప్పుడు నల్లగా ఉంటుంది. వేడికి ఉడికి ఉడికి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు వస్తుంది. అప్పటికి అది పెంకులాగా పెళుసుబారి ఉంటుంది, అల్యూమినియంతో కలిసే అంచు దగ్గర ఏదో ఒకరోజు పగులుతుంది. రెండో తరం బండ్లలో ఉష్ణోగ్రత ముల్లుకు నిజం చెప్పే అలవాటు లేదు. చాలా దూరం వరకు మధ్యలోనే నిలబడి, పరిస్థితి చేయి దాటాక ఒక్కసారిగా పైకి లేస్తుంది.

మొత్తం కూలెంట్ 6 లీటర్లు. కింది ప్లగ్ తీసినప్పుడు అదంతా బయటికి రాదు, ఇంజను బ్లాకులో కొంత ఉండిపోతుంది. అందుకే నీళ్ళతో కడిగాక సగం సగం కలిపిన కూలెంట్ పోస్తే లోపలి నీళ్ళతో కలిసి పలచబడుతుంది. కలపని చిక్కటి కూలెంట్ 3 లీటర్లు ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి, లెక్క సరిపోతుంది. గాలి పోవడానికి బండి ముక్కును ర్యాంపుల మీద ఎక్కించి, హీటరు పూర్తి వేడిలో పెట్టి, మూత తెరిచే ఇంజను నడపండి. పై హోస్ పైపును పిండుతూ ఉంటే బుడగలు వస్తాయి. ఫ్యాను తిరిగి ఆగేదాకా వదలకండి. పాత మూతను మళ్ళీ పెట్టకండి, కొత్త రేడియేటర్‌కు కొత్త మూత.

ప్రశ్న: 1997 బండి, 1.8. గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే మిస్సింగ్ కొడుతోంది. ఐడిల్‌లో బాగానే ఉంది. కాయిల్ కొనమంటారా? (మెల్‌బోర్న్)

జవాబు: ముందు ప్లగ్గు వైర్లు. ఈ ఇంజనులో అవి తొందరగా అలసిపోతాయి. చీకటి పడ్డాక ఇంజను నడుస్తుండగా స్ప్రే సీసాతో వైర్ల మీద సన్నగా నీళ్ళు చల్లండి. నీలం రంగు మెరుపులు పాకుతూ కనిపిస్తే ఇక పరీక్షలు అక్కర్లేదు. ఆ సమయంలో చేయి మాత్రం పెట్టకండి.

కాయిల్‌ను అనుమానించాలంటే ఒక లెక్కుంది. ఒక కాయిల్ 1, 4 సిలిండర్లకూ, రెండోది 2, 3 సిలిండర్లకూ నిప్పు ఇస్తుంది. 1, 4 రెండూ కలిసి మిస్సయితే కాయిల్. ఒక్కటే మిస్సయితే వైరు లేదా ప్లగ్గు. ప్లగ్గులు ఎన్‌జీకే బీకేఆర్5ఈ-11 లేదా బీకేఆర్6ఈ-11, సందు 1.0–1.1 ఎంఎం. ప్లగ్గు గుంటల్లో ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా మార్చాల్సిందే. లేకపోతే కొత్త వైర్ల రబ్బరు కూడా ఆ ఆయిల్‌లోనే నానుతుంది.

ప్రశ్న: నాన్నగారి ఎర్ర మియాటా 1990 నాటిది. బోనెట్ గులాబీ రంగుకు తిరిగింది. మళ్ళీ పెయింట్ వేయించకుండా ఎర్రగా చేయొచ్చా? (ఒక పాఠకురాలు, శాన్ ఆంటోనియో)

జవాబు: చాలావరకు చేయొచ్చమ్మా. ముందు తెల్ల బట్ట మీద కొంచెం పాలిష్ వేసి ఒక మూల రుద్ది చూడండి. బట్ట ఎర్రబడితే పైన వేరే క్లియర్ పొర లేదని అర్థం. ఆ గులాబీ రంగు ఎండకు చచ్చిన పై పొర మాత్రమే, దాని కింద ఎరుపు ఇంకా ఉంది. బట్ట ఎర్రబడకుండా, బోనెట్ మీద తెల్లగా పొలుసులు లేస్తుంటే అది క్లియర్ పొర ఊడటం. దానికి పాలిష్‌తో పని లేదు, పెయింటే.

నీడలో, చల్లటి రేకు మీదే పని. కడిగి, క్లే బార్‌తో రేకును నున్నగా చేసి, చేతి యంత్రం మీద మధ్యరకం కాంపౌండుతో రెండడుగుల చదరం చొప్పున చేస్తూ పోండి. ప్యాడు ఎర్రగా నిండిపోతూ ఉంటుంది, ప్రతి చదరానికీ బ్రష్‌తో శుభ్రం చేయాలి. లేకపోతే చచ్చిన రంగునే మళ్ళీ పూసినట్టవుతుంది. అంచులూ మడతలూ ఉన్నచోట పెయింటు పలచన, అక్కడ మాస్కింగ్ టేపు వేసి చేత్తో చేయండి. తర్వాత సన్నరకం పాలిష్, ఆపైన మైనం. మైనం మూణ్ణాలుగు నెలలకోసారి వేయకపోతే టెక్సస్ ఎండకు గులాబీ మళ్ళీ వస్తుంది.

ఇదే సందర్భంలో రెండో తరం బండ్ల పచ్చబడ్డ హెడ్‌లైట్ల గురించి కూడా కొందరు అడిగారు. చుట్టూ టేపు వేసి, నీళ్ళు చల్లుతూ 1000, 2000, 3000 ఉప్పుకాగితాలు వరుసగా, ప్రతిసారీ దిశ మార్చి రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ కోటు వేయాలి. ఆ చివరి కోటు లేకపోతే కొద్ది నెలల్లోనే మళ్ళీ మొదటికొస్తుంది. టూత్‌పేస్టు వైద్యం ఫోటో తీసుకోవడానికి సరిపోతుంది.

ప్రశ్న: గేరు రాడ్ చుట్టూ వేడి గాలి కొడుతోంది. గేర్లు కూడా బురదలో కలిపినట్టు పడుతున్నాయి. (టాంపా, ఫ్లోరిడా)

జవాబు: రెండింటికీ మూలం ఒకటే. రాడ్ కింద రెండు రబ్బరు బూట్లుంటాయి, పైన పెద్దది, కింద చిన్నది. అవి చిరిగితే వేడి పైకి వస్తుంది. అయిదు గేర్ల బండిలో రాడ్ కింది గుండు తన సొంత చిన్న గూటిలో, సొంత ఆయిల్‌లో ఉంటుంది. గేర్‌బాక్సులో ఆయిల్ మార్చినా ఆ గూటిలోది మారదు. కన్సోల్ తీసి, 10 ఎంఎం బోల్టులు తీసి, రాడ్‌ను పైకి లాగండి. గూట్లోని నల్లటి చిక్కటి ద్రవాన్ని సిరంజితో పీల్చి, జీఎల్-4 75డబ్ల్యూ-90 ఆయిల్ 80–90 మి.లీ. పోయండి. గుండు కొసకున్న ప్లాస్టిక్ బుష్, రెండు బూట్లు కొత్తవి వేయండి. గంటన్నర పని.

గేర్‌బాక్సు ఆయిల్ కూడా మార్చేట్టయితే 2 లీటర్లు కావాలి. నింపే ప్లగ్ ఊడుతుందని తేలాకే కింది ప్లగ్ తీయండి. కిందిది ముందు తీసి ఆయిలంతా పారబోశాక, పైది రాకపోతే బండి అక్కడే స్టాండ్ల మీద కూర్చుంటుంది.

ప్రశ్న: 1990 బండి ఒకటి చవగ్గా వస్తోంది. "షార్ట్ నోస్ క్రాంక్" అని భయపెడుతున్నారు. అదేమిటి? (అట్లాంటా)

జవాబు: 1991 మధ్య వరకు వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్టు ముక్కు పొట్టిది. దాని మీద పుల్లీని పట్టి ఉంచే బోల్టు వదులైతే లోపలి చిన్న చీల అరిగి, పుల్లీ ఊగి, టైమింగ్ తప్పుతుంది. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ఆ బోల్టును సరిగ్గా బిగించని బండ్లలోనే ఎక్కువగా వస్తుంది. గుర్తుపట్టడానికి ఇంజను ఆపి, ముందు పుల్లీ ముఖాన్ని టార్చితో చూడండి. 4 గాళ్ళుంటే పొట్టి ముక్కు, 8 ఉంటే తర్వాతి పొడుగు ముక్కు. ఆ తర్వాత ఇంజను నడిపి పుల్లీని పక్కనుంచి చూడండి, కాస్త ఊగినా ఆ బండి వదిలేయండి. ఊగకపోతే పొట్టి ముక్కు అని బండిని వదులుకోనక్కర్లేదు, ధర మాత్రం తగ్గించి అడగండి. బెల్టు మార్చినప్పుడు ఆ బోల్టు బిగువు 108–118 న్యూటన్ మీటర్లు, పొడుగు ముక్కుకు 157–166. రెండూ తారుమారు చేస్తే పని చెడ్డట్టే. ఈ 1.6లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్‌కు తగలవు, బండి ఆగుతుందంతే. అలాగని 60,000 మైళ్ళ గడువు దాటించకండి.

ప్రశ్న: ఇండియాకు తిరిగి వచ్చేస్తున్నాం. 1999 మియాటాను విజయవాడకు తెచ్చుకోవచ్చా? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: కుదరదు. వాడిన కారు తయారై మూడేళ్ళు దాటితే దిగుమతికి ఒప్పుకోరు. పైగా మీ బండి స్టీరింగ్ ఎడమ పక్కకుంది. అక్కడే మంచి చేతుల్లో పెట్టి రండి.

ప్రశ్న: డిక్కీలో బ్యాటరీ చుట్టూ రేకు తెల్లగా బూజు పట్టింది. (రాలీ, నార్త్ కరోలినా)

జవాబు: ఎవరో మామూలు కారు బ్యాటరీ పెట్టారు. ఈ బండికి గాలి గొట్టాలు తగిలించే వీలున్న, యాసిడ్ ఒలకని ఏజీఎం రకం బ్యాటరీ కావాలి, ఛార్జింగ్‌లో వచ్చే యాసిడ్ ఆవిరి ఆ గొట్టాల ద్వారా బయటికి పోతుంది. బ్యాటరీ తీసి, లీటరు నీళ్ళలో నాలుగు చెంచాల వంటసోడా కలిపి పోయండి. బుసబుస పొంగడం ఆగేదాకా పోసి, కడిగి ఆరబెట్టి, తుప్పు గీకి ప్రైమర్ వేయండి. కొత్త బ్యాటరీ పెట్టిన రోజే గొట్టాలు రెండు వైపులా తగిలించారో లేదో చూసుకోండి.

ప్రశ్న: ఒక హెడ్‌లైటు లేచి, రెండోది పడుకునే ఉంది. రాత్రి ఇంటికి ఎలా రావాలి? (కొలంబస్, ఒహాయో)

జవాబు: బోనెట్ ఎత్తి, ఆ పక్క మోటారు మీద రబ్బరు మూత తీయండి. కింద చేత్తో తిప్పే గుండీ ఉంటుంది. లైట్లు ఆపేసి దాన్ని తిప్పుతూ ఉంటే కన్ను నెమ్మదిగా తెరుచుకుంటుంది. ఇల్లు చేరాక కనెక్టరూ రిలే చూసుకోవచ్చు.

ప్రశ్న: టైర్ల మీద గాళ్ళు లోతుగానే ఉన్నాయి. అయినా వానలో వెనక భాగం జారుతోంది. (సియాటిల్)

జవాబు: టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చదవండి. 2309 అని ఉంటే 2009లో 23వ వారం తయారైందని అర్థం. ఏడాదికి రెండు వేల మైళ్ళు తిరిగే బండ్లలో గాళ్ళు అరగవు, రబ్బరే రాయి అవుతుంది. గోరు గుచ్చితే దిగకపోతే మార్చే రోజు వచ్చినట్టే. నాలుగూ ఒకే రకం వేసి, చల్లగా ఉన్నప్పుడు 26 పీఎస్ఐ గాలి పెట్టండి. బంకుల్లో పెద్ద కార్ల అలవాటు కొద్దీ 35 కొట్టేస్తారు, వెనక భాగం జారడానికి అది కూడా కారణం కావచ్చు.